ఆఖరెవరు?

"ఆఖరెవరు?"

మిగ్దాలియా గుమ్మంలోనే నిలబడి అడిగింది. చేతుల్లో కంప్యూటరు పెట్టె. భుజాలు లాగేస్తున్నాయి.

"నేనే" అంది బెంచీ మీద ఒకావిడ.

కబాయిగ్వాన్ ఊళ్ళో రొట్టెకైనా రిపేరుకైనా అదే పద్ధతి. ఆఖరి మనిషెవరో గుర్తుంటే చాలు, వరుసలో నిలబడక్కర్లేదు.

మిగ్దాలియా పెట్టె దింపి గోడకి చేరగిలబడింది.

"ఏం జబ్బక్కా దానికి?" షాపు యజమాని యోఆండ్రి తలెత్తకుండానే అడిగాడు.

"తేదీ నిలవడం లేదు. ఎన్నిసార్లు దిద్దినా వెనక్కే పోతోంది. ఒక్క సైటూ తెరుచుకోదు."

"కరెంటు పోగానే ప్లగ్గు పీకేస్తున్నావా?"

"పీకనా మరి? తిరిగొచ్చేటప్పుడు తన్ని కాలిపోతే?"

"ఊరంతా ఇదే తంతు. లోపల బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది. నువ్వు ప్లగ్గు పీకితే ఇక దానికి కాలమే తెలీదు. దాని లెక్కలో ఇది రెండువేల తొమ్మిది."

"అదృష్టమంటే దానిదే! అప్పుడు పందిమాంసం దొరికేది" అంది బెంచీ మీదావిడ.

అందరూ నవ్వారు. మిగ్దాలియాకి నవ్వే ఓపిక లేదు.

"చుట్టల ఫ్యాక్టరీకి నా గొంతు రికార్డు పంపాలి తమ్ముడూ. ఇవాళే గడువు."

"ఫోన్లోంచి పంపకపోయావా?"

"అమ్మేశాను."

చుట్టలు చుట్టేవాళ్ళకి పొద్దంతా పేపరూ, నవలా చదివి వినిపించే ఉద్యోగం అది. వచ్చిన గొంతులన్నీ విని, ఎవరు కావాలో ఆ పనివాళ్ళే తేలుస్తారు. ఊళ్ళో రేడియో మూతపడ్డాక మిగ్దాలియా గొంతుకి పని లేకుండాపోయింది. హోటల్లో గదులు తుడుస్తోంది. మోకాళ్ళు ఇక మావల్ల కాదంటున్నాయి.

"కరెంటు పోయేలోగా ఇంకొక్కటే అవుతుందక్కా. అది ఎవెలియో బాబాయిది."

ఎవెలియో అనే ఆ పెద్దాయన ఒళ్ళో పాత లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. మిగ్దాలియా వైపు చాలాసేపు చూశాడు.

"బాగా చదివావా తల్లీ?"

"బాగుందనే అన్నారు మా ఇంట్లో."

"మా ఇంట్లో నన్ను అందగాడనేవాళ్ళు."

మళ్ళీ నవ్వులు.

పెద్దాయన లేచాడు. "నా వంతు ఈమెకి. ఈమె వంతు నాకు."

"బాబాయ్, అలాగైతే నీది ఇవాళ కాదు."

"కాకపోతే పోనీరా. ముందు ఆవిడ సంగతి చూడు."

యోఆండ్రి పెట్టెకి తెర తగిలించాడు. మెషీను లేస్తుండగానే డిలీట్ మీట టకటకా కొట్టాడు. నీలం రంగు సెటప్ తెర వచ్చింది.

"పైపైన దిద్దితే లాభం లేదక్కా. ఇక్కడ దిద్దాలి."

సంవత్సరం, నెల, రోజు, గంట మార్చి సేవ్ కొట్టాడు. సైటు తెరుచుకుంది. గొంతు నత్తనడక నడిచి నడిచి, చివరికి వెళ్ళింది. "అందింది" అని జవాబొచ్చింది.

కాసేపటికే ఫ్యాను ఆగిపోయింది. వీధంతా ఉసూరుమంది.

పెద్దాయన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"మీ మేలు మర్చిపోలేనయ్యా!"

"మెల్లిగా చదువు తల్లీ. వాళ్ళ చేతులు పనిలో ఉంటాయి. చెవుల్ని తరమకు."

ఆ మాటేమిటో అడగాలనిపించింది. అప్పటికే ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి ఉద్యోగం ఆమెదే అయింది.

మొదటిరోజు ఎత్తు అరుగు మీది కుర్చీలో కూర్చుని మొదటి పేజీ చదివింది. పనివాళ్ళు ఆకు కోసే కత్తుల్ని బల్లలకేసి టకటకలాడించారు. అక్కడ చప్పట్లంటే అవే.

ముందు బల్ల దగ్గరి ముసలావిడ మాత్రం కళ్ళు తుడుచుకుంటోంది.

"బాగాలేదా అమ్మా?"

"బాగుందే పిల్లా. ఇన్నేళ్ళూ మాకు చదివినాయన గుర్తొచ్చాడు, అంతే. టెంపరరీ అన్నారు ఆయన్ని. ఖాయం కావాలంటే అందరిలాగే గొంతు పంపమన్నారు. ఆ ఒక్కటీ పంపలేకపోయాడు."

"ఎందుకని?"

"కరెంటు పోయిందట! ఎవరైనా నమ్ముతారా? ఎన్నుకునేది మేమే కదా, ఆ గొంతొక్కటి వస్తే చాలునని కాచుక్కూర్చున్నాం. నిన్న సాంతియాగో బస్సెక్కేశాడు. ఇక రాడట."

మిగ్దాలియా పుస్తకం మూసింది.

"ఆయన పేరు?"

"ఎవెలియో. నువ్వు కూర్చున్న కుర్చీ ఆయనదే."