కాలు కొంచెం పైకి జరుపు

"అయ్యా, బయట వాళ్లు షాపు తగలబెట్టేలా ఉన్నారు. మా ఆవిడ్ని వదిలెయ్యమనండి!" ఫ్లెక్సీలు ప్రింటు చేసే అతను నాయకుడి కాళ్ల మీద పడ్డాడు.

"దేవుడి బొమ్మ తొక్కితే వదిలెయ్యాలా?" నాయకుడు ఫోన్ చూపించాడు. పొద్దున ఎవరో కిటికీలోంచి తీసిన ఫోటో. నేలమీద పరిచిన ఫ్లెక్సీ, దాని మీద కాలు మోపి ఆమె.

"అంచులు అతికించాలంటే దాని మీద నడవక తప్పదు," మూలన నిలబడ్డ భార్య అంది. "చెప్పులు విప్పి, దేవుణ్ణి తప్పించుకునే నడిచాను. సరిగ్గా చూడండి. పైన మూల దేవుడు రూపాయి బిళ్లంత ఉన్నాడు. మిగతా అంతా మీరే. నా కాలు పడింది మీ బుగ్గ మీద."

నాయకుడు ఫోటో పెద్దది చేసి చూశాడు. మొహం కందగడ్డలా అయింది.

"ఆ ఒక్క ముక్క బయట చెప్పండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది!" భర్త చేతులు జోడించాడు.

"నా బుగ్గ తొక్కిందంటే ఎవడొస్తాడయ్యా రోడ్డు మీదికి?" నాయకుడు అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "కాలు కొంచెం పైకి జరుపు. మీ ఆవిడ మొహం తీసెయ్, ఆమెను పోనిస్తా. నాకు కాలు చాలు. సాయంత్రం ర్యాలీకి వంద ఫ్లెక్సీలు కావాలి."

షట్టర్ మీద రాయి పడింది. భార్య ఉలిక్కిపడి చెవులు మూసుకుంది.

అతను మౌస్ పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో దేవుడి మీద ఒక్క అడుగూ పడలేదు. మొదటి అడుగు ఇప్పుడు తనే వేయిస్తున్నాడు.