నేల మీద మరకలు

మా నాయన కాళ్లకు రాసుకున్న కొబ్బరినూనె మీరు కడిగించారు, మనోరమగారూ. కొత్త మొజాయిక్ నేల మీద మరకలు పడుతున్నాయన్నారు.

మా నాయన దాసయ్యకు షుగరు ఉందని మీకు చెప్పాను. పాదాలకు స్పర్శ లేదు. ఎండి పగలకుండా రోజూ నూనె రాయాలని డాక్టరు చెప్పాడు. పని పోతుందని ఆయన రాయడం మానేశాడు. చెప్పులు మీ గడప బయట విడిచి, మీ హాల్లోంచి పైఅంతస్తుకు ఇటుకలు మోశాడు. వెనకాల నేను.

నెల తిరగకముందే మీరు మళ్లీ పిలిచారు. "ఈ ఎర్ర మరకలేంది దాసయ్యా? తడి ఇటుకలు మోస్తున్నవా?"

"అవునమ్మా. జర ఆగున్రి, తుడుస్త."

గుడ్డ తెచ్చి తుడిచాడు. అడుగు వేసిన చోటల్లా మళ్లీ పడింది. మళ్లీ తుడిచాడు. "ఇవేం ఇటుకలమ్మా, రంగు ఇడుస్తనే ఉన్నయ్" అని నవ్వాడు కూడా.

నేను కూర్చోబెట్టి కాలు ఎత్తి చూశాను. ఎడమ మడమ చీలి, లోపలి మాంసం కనిపిస్తోంది.

"నొస్తలేదురా," అన్నాడు. "ముందుగాల నేల తుడువు."

సోమవారం ఆయన్ను దవాఖాన నుంచి ఇంటికి పంపుతున్నారు. ఆలోగా మీ గడప దగ్గరున్న ఆయన చెప్పు చిక్కడపల్లిలో మా ఇంటికి పంపండి. కుడిది ఒక్కటి చాలు.