బోర్లించిన ముక్కలు

“ఈసారి నేను దిగుతాను. నువ్వుండన్నా,” అన్నాడు తమ్ముడు షెడ్డులోకి వస్తూనే.

గాలి సిలిండరు మూత బిగిస్తున్న అన్న తలెత్తాడు. “అదేంట్రా కొత్తగా? మనిద్దరిలో ఎవరు దిగాలో ఎప్పుడూ పోకరే కదా తేల్చేది?”

“ఇవాళ్టికి వద్దులే.”

“నాకు భయమేస్తోందని ఎవరైనా చెప్పారా నీకు?”

తమ్ముడు సిలిండరు వైపు చెయ్యి చాచాడు. ఒడ్డున ఇన్‌స్పెక్టరుతో మాట్లాడి అప్పుడే వచ్చాడు. ఇద్దరూ గజ ఈతగాళ్లు. నిన్న సాయంత్రం రిజర్వాయరు కట్ట మీద నుంచి ఒక కారు నీళ్లలో పడింది. నడుపుతున్నవాడు ఎలాగో ఈది బయటపడ్డాడు. ఇంకొకరు లోపలే ఉండిపోయారు. ఇప్పుడిక ప్రాణం మీద ఆశ లేదు, పైకి తేవడమే మిగిలింది.

అన్నకి నిజంగానే భయంగా ఉంది. కిందటి నెల తను పైకి తెచ్చిన మనిషి కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మొహం కడుక్కుందామని బకెట్లో చెయ్యి పెడితే చాలు, ఆ కళ్లు అడుగు నుంచి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ మాట నోరు తెరిచి చెప్పడానికి పౌరుషం అడ్డొచ్చింది. పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురితో ఫోనులో కూడా అనలేదు.

“కూర్చో. ఒక్క ఆటే. ఓడినవాడు దిగాలి,” అని పేక కలిపాడు.

చెరో పది అగ్గిపుల్లలు. చేతికి రెండేసి ముక్కలు. అన్న తన ముక్కల్ని కొంచెం పైకెత్తి చూసుకున్నాడు. రెండు రాణులు. బల్ల మీద ఇద్దరికీ కలిపి పరిచిన మూడింటిలో మరో రాణి పడింది. మిగతా రెండూ ఆఠీన్లు. అన్న గుండె కుదుటపడింది. మూడు రాణులంటే మాటలు కాదు.

“మూడు పుల్లలు,” అన్నాడు.

తమ్ముడు ఆలోచించకుండానే మూడు పుల్లలు ముందుకు తోశాడు.

నాలుగో ముక్క ఇస్పేట్ రెండు. ఎవరికీ పనికిరాదు.

“మిగిలినవన్నీ,” అన్నాడు అన్న, తన ఏడు పుల్లలూ నెట్టేసి. చేతిలో బలమున్నప్పుడు ఎదుటివాడికి చివరి ముక్క ఊరికే చూపించకూడదు. చూడాలంటే వాడికి వణుకు పుట్టాలి.

తమ్ముడికి వణుకేమీ పుట్టలేదు. “నావీ ఏడు,” అన్నాడు.

“నీ చేతిలో రెండు ఆఠీన్లున్నాయి కదూ? ఇంకోటి పడితే ఐదూ ఆఠీన్లే అవుతాయని దాని వెంట పడ్డావు. అయిదుసార్లలో నాలుగుసార్లు రాదురా అది! ఇంత బుద్ధి తక్కువ ఆట ఎప్పుడు నేర్చుకున్నావు?”

“ముక్క తియ్యన్నా.”

అన్న చివరి ముక్క తిప్పాడు. ఆఠీన్ ఆరు.

బల్ల మీద మూడు ఆఠీన్లు, వాడి చేతిలో రెండు. ఐదు ఆఠీన్ల ముందు మూడు రాణులు చెల్లవు. వద్దన్నా ఆ తెరిచిన కళ్లు గుర్తొచ్చాయి. ఇక దిగాల్సిందే అనుకుంటూ తమ్ముడి మొహంలోకి చూశాడు. వాడి మొహంలో చుక్క రక్తం లేదు. ఆ ఆరు వైపే చూస్తున్నాడు. తర్వాత చేతిలోని ముక్కల్ని బోర్లించి పేక మీద పడేశాడు.

“ఏదీ, చూపించు.”

“చూపించడానికేముంది? ఒక్కటే ఆఠీను. నువ్వే గెలిచావు,” అని లేచి, కొక్కేనికున్న రబ్బరు దుస్తులూ, గాలి సిలిండరూ అందుకుని బయటికి వెళ్లిపోయాడు.

అన్న ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే సిగ్గేసింది. తమ్ముణ్ణి ఆ నీళ్లలోకి పంపి తను హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు. ఏదో ఒక పనిలో పడదామని పేక సర్దబోయాడు. పైనున్న రెండు ముక్కలూ చేతికి తగిలి తిరగబడ్డాయి.

ఆఠీన్ ఏడు. ఆఠీన్ జాకీ.

కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంపలు మండిపోయాయి. తన భయం వాడికి తెలిసిపోయింది. ఓడిపోదామనే అలా అడ్డదిడ్డంగా ఆడాడు. ఖర్మకాలి ముక్క పడితే, దాన్ని కూడా దాచేశాడు. అన్న ఒడ్డుకి పరిగెత్తాడు. పడవ అప్పటికే చాలా దూరం పోయింది.

“ఆగరా! ఆట గెలిచింది నువ్వు! దిగాల్సింది నేను!”

ఆ కేక తమ్ముడికి వినిపించింది. భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. వెనక్కి మాత్రం తిరగలేదు. నీళ్లలోకి జారిపోయాడు. పడవలో కానిస్టేబులు తాడు వదులుతూ కూర్చున్నాడు.

అన్న మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే ఉన్నాడు. నీళ్ల మీద బుడగలు లేచి పగిలిపోతున్నాయి. కిందకి చూస్తే ఆ కళ్లు కనిపిస్తాయని భయం. అయినా పట్టుబట్టి కిందకే చూశాడు. అరగంట గడిచింది. తాడు కదిలింది. పడవ మెల్లగా ఒడ్డు వైపు తిరిగింది. మధ్యలో తడి దుప్పటి కప్పి ఏదో ఉంది.

తమ్ముడు నడుము లోతులోనే దూకేసి, నీళ్లు చిమ్ముకుంటూ ముందే వచ్చేశాడు. పడవకి అడ్డంగా నిలబడ్డాడు.

అన్న వాడి భుజం పట్టి కుదిపేశాడు. “నా మీద జాలా? పిరికివాణ్ణనుకున్నావా? అందుకేనా గెలిచిన ఆట ఓడిపోయావు?”

తమ్ముడు కాదన్నట్టు తలూపాడు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. రెండు చేతులతో అన్న మొహాన్ని పట్టుకుని, పడవ కనిపించకుండా తన వైపుకి తిప్పుకున్నాడు.

“కారులో ఉన్నది నీ కూతురన్నా.”