తీసేసిన కడియం

ఒకరి చలి, అలసట, గుండెదడ మరొకరి ఒంటికి తెలిపే కడియాలు కొండలెక్కేవాళ్ల నుంచి కాపురాల్లోకి వచ్చేశాయి. హైమ బట్టలు పిండితే భర్త విశ్వం భుజాలు లాగేవి.

మంచుకొండ మీంచి ప్రాణాలతో తిరిగొచ్చింది విశ్వం ఒక్కడే. ఇవాళ అతని ఎదురుగా, అక్కడే చనిపోయిన స్నేహితుడు కిరీటి తల్లి కూర్చుంది.

"మావాడు ఆఖర్న బాగా వణికిపోయాడా బాబూ? నీ కడియంలో తెలిసే ఉంటుందిగా."

కిరీటి వణుకు తనకూ తెలుస్తుంటే శిఖరం దాకా వెళ్లలేనని, విశ్వం ఆరోజు కడియం తీసి సంచిలో పడేశాడు.

"లేదమ్మా. హాయిగా నిద్రపోయాడు."

"చల్లగా ఉండు నాయనా," అంటూ ఆమె అతని తల నిమిరింది. విశ్వం గుండె దడదడా కొట్టుకుంది.

వంటింట్లో కాఫీ గ్లాసు కింద పడిన చప్పుడైంది. హైమ గుమ్మంలోకి వచ్చి, అతన్నే చూస్తూ, తన చేతి కడియం తీసేసింది.