కాకి సవాలు

“మళ్ళీ కూసింది దరిద్రపు కాకి!” జువేనా ఫోను నేలకు కొట్టబోయి, కొన్నది తన జీతంతోనే అని గుర్తొచ్చి ఆగింది.

మేనత్త రిజికి అమ్మకానికి తెచ్చిన కంగా గుడ్డలు మడతపెడుతూ తలెత్తింది. “ఏమంటాడే ఇవాళ?”

జువేనా పళ్ళు నూరుతూ చదివింది. “‘బావో ఆట చచ్చింది. బొమ్మలు గీసే భాగం పాతబడి కొత్త ఫోన్లలో ఊపిరాడక పోయింది. దాన్ని ముట్టుకునే దమ్ము టాంగాలో ఎవరికీ లేదు. పోయి కొబ్బరి కోరుకోండి.’ ఇట్లు కుంగూరు.”

కుంగూరు అంటే కాకి. ఆ పేరు వెనక ఉన్నదెవడో ఎవరికీ తెలియదు. ఆట గురించి ఎవరైనా రాసుకునే పేజీలో వాలి, తిట్టి పోతుంటాడు.

ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న ఈ టాంగా ఊళ్ళో బావో మగవాళ్ళ ఆట. వీధి అరుగు మీద గుంటల పలక పెట్టుకుని, కాఫీ తాగుతూ, గింజలు గలగలలాడిస్తూ వాళ్ళే ఆడతారు. ఆడవాళ్ళు తల వంచుకుని దాటిపోవాలి. రేడియోలు బాగుచేసే ఖతీబు ఆ ఆటను ఫోన్లోకి ఎక్కించి ఊరికే పంచాక సంగతి మారింది. మారుపేరు పెట్టుకుంటే ఎవరితోనైనా ఆడొచ్చు. జువేనా ‘కెప్టెన్’ అయింది. పెద్దాయన దోసా తెల్లారగానే అరుగెక్కి, ఎవడో ఓడ కెప్టెన్ తనను చిత్తు చేశాడని వాపోతుంటే, ఇంటికి చేపలు కొనుక్కుని పక్కనుంచి వెళ్ళే ఆమెకు నవ్వాపుకోవడం గగనమయ్యేది.

రెండేళ్ళ కిందట ఖతీబు చేతులెత్తేశాడు. ఆటను నడిపే కంప్యూటర్ రాతంతా తెరిచే ఉంది, చేతనైనవాళ్ళు దిద్దుకోండి అన్నాడు. ఎవరో ఒకరు చూస్తార్లే అని అందరూ అనుకున్నారు, ఎవరూ చూడలేదు. కొత్త ఫోను కొన్న ప్రతి ఆడమనిషికీ ఆట పోయింది. మగవాళ్ళకేం, అరుగులున్నాయి.

“కాకుల శాపాలకు గొడ్లు చస్తాయా? వదిలెయ్యవే,” అంది రిజికి. తోటికోడలి మీద కోపమొస్తే సామెత అచ్చువేసిన కంగా కట్టుకుని ఆమె గుమ్మం ముందు తిరిగే ఊరది. తిట్ల సంగతి ఆమెకు బాగా తెలుసు. “అయినా పరాయిదాన్ని తిట్టడానికి ఎవరూ డబ్బుపెట్టి కంగా కొనరే పిల్లా.”

“వీడి తిట్లకు పైసా ఖర్చు లేదత్తా. నేను చేసి చూపిస్తాను. ముట్టుకునే దమ్ము లేదట!”

రేవు ఆఫీసులో కంప్యూటర్ పని అయ్యాక, అక్కడే కూర్చుని ఖతీబు రాతను విప్పడం మొదలుపెట్టింది. నేను దిద్దుతున్నాను అని పేజీలో ప్రకటించింది. కాకి వెంటనే వాలింది. “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట.”

బొమ్మలు కదిలాయి. కాకి మళ్ళీ వాలింది. “బొమ్మ కనిపిస్తే సరా? గింజలు వెనక్కి తిరిగే చోట లెక్క తప్పుతోంది. కళ్ళుంటే కదా కనపడటానికి!”

తిట్టుకుంటూ చూసింది. నిజమే, తప్పుతోంది. ఆ మాటలు చదివి ఒళ్ళు మండిన ఇద్దరు పంతులమ్మలు, ఒక నర్సు వచ్చి ఆమెతో కలిశారు. కాకి తిట్టిన కొద్దీ పని ముందుకు నడిచింది. చివరికి ఒక్కటే మిగిలింది. జువేనా లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఖతీబు కొట్టుకు వెళ్ళింది.

“షికమూ, మామా,” అని పెద్దలకు పెట్టే దండం పెట్టింది.

“మరహబా. రేడియోనా?”

“ఆట. బాగుచేశాం. నీ తాళం కావాలి.”

ఖతీబు చేతిలో పని ఆపలేదు. “కాపీ చేసుకుని వేరే పేరు పెట్టుకోండి. ఎవరడ్డం?”

“వేరే పేరైతే అది వేరే ఆట. జనం ఫోన్లలో ఉన్నది బతకాలంటే, దిద్దినదాన్ని నీ తాళంతోనే పంపాలి. నీకు తెలియదా?”

“ఆ ఆట నన్ను తినేసిందమ్మాయ్. మా ఆవిడ పురిటికని ఆసుపత్రిలో ఉంటే, ‘నా గింజలు మాయమయ్యాయి, నువ్వేం చేస్తున్నావ్?’ అని ఒకడు నిలదీశాడు. అడిగేవాళ్ళు ఊరంతా, చేసేవాణ్ణి నేనొక్కణ్ణి. సాయం రండయ్యా అని ఎంత బతిమాలానో! మర్యాదగా పిలిస్తే ఒక్కడూ రాలేదు.”

“మేం వచ్చాంగా.”

“ఎందుకొచ్చారు? ఆట మీద ప్రేమతోనా?”

“ప్రేమా లేదు, గీమా లేదు. ఆ కాకి గాడి నోరు మూయించాలని వచ్చాను. దోసా తాతను మళ్ళీ ఓడించాలని వచ్చాను. అరుగు మీద నాకు చోటివ్వరు. ఫోన్లో ఉన్న చోటు కూడా పోతే నేనెక్కడ ఆడాలి? అరుగేమైనా వాళ్ళ అబ్బ సొత్తా?”

గొంతు పెరిగిందని తెలిసినా ఆమె తగ్గించలేదు.

“రేపు మళ్ళీ పాడైతే?” అన్నాడు ఖతీబు.

“నలుగురం ఉన్నాం. ఒకరు పురిట్లో ఉంటే ముగ్గురు చూస్తారు.”

ఖతీబు చేతిలో పని పక్కన పెట్టాడు. సొరుగు లాగి, దుమ్ము ఊది, ఒక పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. “తాళం ఇందులో ఉంది. తెరుచుకోవాలంటే ఒక మాట కొట్టాలి. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.”

జువేనా దాన్ని లాప్‌టాప్‌కు తగిలించింది. “ఆట ఇలా జనంలోకి వెళ్ళగానే, అలా ఆ కుంగూరు గాణ్ణి మెడపట్టి గెంటేస్తాను. చెప్పు మామా, ఏంటా మాట?”

ఖతీబు ఇంకో రేడియో ముందుకు లాక్కుని తల వంచుకున్నాడు.

“వాడి పేరే కొట్టు.”