రాజహంసలు చూడాలని

ఆయన గుండె బలహీనమని తెలిసినా, ఆఫ్రికా సరస్సులో రాజహంసల్ని చూడాలన్న కోరికను కాదనలేకపోయాను. మోకాలి ఆపరేషన్ అయిన నేను అమెరికాలో మా ఊరు చాండ్లర్‌లోనే ఉండిపోయి, మా అమ్మాయి హిమజను తోడు పంపాను. ఆయన క్షేమంగా తిరిగి రావాలని దీపం పెట్టి సహస్రనామం చదువుకుంటుండగా ఫోన్ మోగింది.

“అమ్మా, లేక్ దగ్గరే ఉన్నాం,” అంది హిమజ. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల, ఒక్కో తెలుగు మాటా వెతుక్కుంటోంది. “హంస... ఎగిరిపోయింది.”

నాకు నవ్వొచ్చింది. “హంసలు ఎగిరిపోయాయి అనాలమ్మా. మీ నాన్న కెమెరా సర్దుకునేలోపు ఏ పక్షి ఆగుతుంది? కాసేపు వెయిట్ చెయ్యండి, మళ్ళీ వచ్చి వాలతాయి.”

సిగ్నల్ సరిగా లేదేమోనని గొంతు పెంచాను.

“నాన్నని ఎండలో నిలబెట్టకు. టాబ్లెట్ వేసుకున్నారా?”

“బర్డ్స్ అన్నీ ఇక్కడే ఉన్నాయమ్మా,” అంది హిమజ. “తాతయ్య డై అయినప్పుడు నాన్న నాకు ‘హంస ఎగిరిపోయింది’ అనే చెప్పారు.”