వెనక సీటాయన పాటలు

"మళ్ళీ తప్పు. ఆయన ఇష్టమంటే 'సో డూ ఐ'. ఇష్టం లేదంటే 'నైదర్ డూ ఐ'. రెండే ముక్కలు కదండీ," అంది భార్య, కుట్టుమిషన్ ఆపకుండా.

డ్రైవరు బూట్లు విప్పుకుంటూ ఆ రెండు ముక్కలూ గొణుక్కున్నాడు. నాలుక తిరిగి చావడం లేదు. ఆవిడ గుడ్డలు కుడుతూ ఫోన్లో ఇంగ్లీషు పాఠాలు వింటుంది. సంగీతం గురించి మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మాటకి వంత పాడటం ఎలా అన్న పాఠం ఆమెకి కంఠతా వచ్చు.

"సరే, నాకు ఇష్టం లేకపోతే ఏమనాలి?"

"ఆ పాఠం ఇంకా రాలేదు. మీకు దాంతో పనీ లేదు."

ఆ మాటా నిజమే. ఎనిమిదేళ్ళుగా అతను దూరప్రయాణాల బళ్ళే తోలాడు. ఇల్లు చేరేసరికి కూతురు నిద్రలో ఉంటుంది, లేచేసరికి మళ్ళీ బయల్దేరుతుంటాడు. మొన్నామధ్య ఆ పిల్ల "మళ్ళీ ఎప్పుడెళ్తావు నాన్నా?" అని చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే డ్యూటీ దొరకడం ఇదే మొదలు. పరాయి దేశపు ఇంజినీరుగారిని బస నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి బసకి తిప్పాలి. పోను గంట, రాను గంట.

ఆ పొద్దునే కంపెనీ కారు తాళాలు చేతిలో పెడుతూ మేనేజరు చెప్పాడు. "నీకు ముందు ముగ్గురు మానేశారయ్యా. ఎందుకని అడిగితే ముగ్గురూ తలనొప్పనే అన్నారు. ఆయనేమో పల్లెత్తు మాట అనే మనిషి కాదు. కారులో ఏది ఎలా ఉందో అలాగే ఉండనీ, సొంత తెలివి చూపించకు. ఆయనేమంటే దానికి ఔనను. శనివారం ఆయన సరేనంటే ఉద్యోగం నీదే."

తాళం తిప్పగానే స్పీకర్లు విరుచుకుపడ్డాయి. రేకుల షెడ్డు మీద గునపాలు కుమ్మరిస్తున్నట్టు మోత, మధ్యలో ఎవడో గొంతు చించుకోవడం. ముగ్గురికీ తలనొప్పి ఎందుకొచ్చిందో డ్రైవరుకి అక్కడే తెలిసిపోయింది. ఇంజినీరుగారు మాత్రం అద్దంలోంచి చిరునవ్వు నవ్వి, "నైస్ మ్యూజిక్. ఐ లైక్ ఇట్," అన్నాడు. ఆయనదీ నేర్చుకున్న ఇంగ్లీషే. ఒక్కో మాటా ఏరుకుని అంటాడు. డ్రైవరు నోరు పెగలక తల ఊపాడు. ఊపితే చాలదేమోనని రోజంతా అతనికి ఒకటే గుబులు. ఇంటికి రాగానే భార్య దగ్గర పాఠానికి కూర్చున్నది అందుకే.

మంగళవారం ఆయన మళ్ళీ ఆ మాట అనడమే తరువాయి, "సో డూ ఐ, సర్," అని అప్పజెప్పేశాడు. ఇంజినీరుగారు "గుడ్, గుడ్," అన్నాడు. సంబరం ఆ పూటకే సరిపోయింది. బుధవారానికి ఆ మోత ఇంటి దాకా వచ్చేసింది. అన్నం ముందు కూర్చున్నా చెవుల్లో గునపాలే. చేతివేళ్ళు ఊరుకోవు, కాలు నేలమీద నిలవదు.

"మీరు నిద్రలో కూడా సో డూ ఐ అంటున్నారు," అంది భార్య.

"అను, అను. నీకేం, మిషన్ చప్పుడే సంగీతం. వచ్చి ఒక్క పూట ఆ కారులో కూర్చో."

"మూడు రోజులు ఓర్చుకున్నారు, ఇంకో మూడు రోజులు. పాప కోసమండీ."

గురువారం దారిలో ఇంజినీరుగారు కిటికీలోంచి చూస్తూ, ఒక్కోసారి తనకి నిశ్శబ్దం కూడా ఇష్టమేనన్నాడు. డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది. "సో డూ ఐ, సర్," అన్నాడు. ఈ వారంలో మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే. ఇక కట్టేయమంటాడని చూశాడు. ఆయనా అద్దంలోకి చూశాడు గానీ ఇంకో మాట అనలేదు. నన్ను పరీక్షిస్తున్నాడు కాబోలు అనుకుని డ్రైవరు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

శుక్రవారం ఆయన ఫ్యాక్టరీ ఇంకా అరమైలుండగానే దిగిపోయి, నడక ఒంటికి మంచిదంటూ వెళ్ళిపోయాడు. నేనేం తప్పు చేశాను, తగినంత ఉత్సాహం చూపించలేదా, మొహంలో చిరాకు కనిపించిందా అని డ్రైవరు పగలంతా కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

శనివారం ఇక చావో రేవో అనుకుని పాట సౌండు బాగా పెంచాడు. పైగా తల ఊపుతూ స్టీరింగు మీద దరువేశాడు. ఇంజినీరుగారు గట్టిగా కళ్ళు మూసుకుని, రెండు చేతులతో కణతలు పట్టుకుని పాటలో మునిగిపోయాడు. గెలిచానురా బాబూ అనుకున్నాడు డ్రైవరు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. డ్రైవరు బల్ల ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడన్న మాటేగానీ ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి మారుతూనే ఉన్నాడు.

"ఇంజినీరుగారు ఫోన్లో మెసేజ్ పెట్టారు. ఉండు, తెలుగులో చెబుతాను," అంటూ మేనేజరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "బండి మెత్తగా నడుపుతాడు. మర్యాద తెలిసినవాడు. సోమవారం నుంచి ఈయన్నే పంపండి. అదీ సంగతి. నీ ఉద్యోగం ఖాయమయ్యా."

డ్రైవరుకి కళ్ళు చెమర్చాయి. సాయంత్రం కూతురు మెలకువగా ఉండగా ఇంటికి వెళ్తాడు. సోమవారమూ, మంగళవారమూ, ఆ తర్వాతా అంతే. ఆ మోత ఇంకో పదేళ్ళయినా విందామనుకున్నాడు.

"చాలా థాంక్స్ సార్. వస్తాను."

"ఆగాగు. కింద ఇంకేదో ఉంది. నలుగురు డ్రైవర్లనీ చూశాక అడుగుతున్నారట, ఇన్నాళ్ళూ బాగుండదని ఊరుకున్నారట. నాకైతే తలా తోకా తెలియలేదు, నువ్వే చెప్పు," అంటూ మేనేజరు ఆ వాక్యం చదివాడు.

"మీ డ్రైవర్లందరికీ ఈ పాటలే ఎందుకిష్టం?"